చేతులు బాగున్న సెట్టర్‌కి డబుల్ బ్లాక్ ఎందుకు పడింది: ఒక కేస్ స్టడీ

2025 జూలైలో మా వాలీబాల్ జట్టులోకి ఒక కొత్త సెట్టర్, అంటే కొట్టేవాళ్లకి బంతి లేపి ఇచ్చేవాడు, వచ్చాడు. వయసు 22, ఎత్తు ఆరడుగులు. మహబూబ్‌నగర్ వైపు పల్లెలో మట్టి కోర్టు మీద ఆట నేర్చుకున్నాడు. అక్కడ సెట్టర్‌ని ఇప్పటికీ లిఫ్టర్ అనే పిలుస్తారు. అతని చేతులు చూస్తే ముచ్చటేసేది. బంతి వేళ్లలోకి వచ్చినప్పుడు చప్పుడుండదు, వదిలాక గాల్లో ఒక్క చుట్టు కూడా తిరగదు. పది బంతులు లేపితే పదీ యాంటెనాకి (నెట్ కొసన నిలబెట్టే కర్రకి) మూరెడు లోపల, నెట్‌కి ముప్పావు మీటరు వెనక, ఒకే చోటికి వచ్చేవి. సెలక్షన్ రోజున అది చూసి మా హెడ్ కోచ్ ఇంకొకరిని చూడక్కర్లేదన్నారు. నేనూ అదే అన్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక డిపార్ట్‌మెంట్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌ని. మ్యాచ్ వీడియోలు చూసి లెక్కలు రాసే పనీ నాదే. జట్టు పేరు, కుర్రాడి పేరు రాయను. ఒక మాట ముందే చెప్పాలి: మన ఆటలో బంతి లేపడాన్నీ సెట్ అంటాం, 25 పాయింట్ల ఆటనీ సెట్ అంటాం. గందరగోళం లేకుండా ఇక్కడ బంతి లేపడాన్ని లిఫ్ట్ అని రాస్తాను. మా గ్రౌండ్‌లో మాట్లాడుకునేదీ అలాగే.

ఆగస్టులో ఇక్కడే జరిగిన ఒక టోర్నమెంట్‌లో మేం ఓడిన తీరుతో ఈ కేసు మొదలైంది. నాలుగో సెట్, 22-22. సర్వీస్ వాళ్లది. మా లిబెరో (వెనక వరసలో బంతిని కాపాడే ఆటగాడు) సర్వీస్ అందుకుని పాస్ సరిగ్గా సెట్టర్ నెత్తి మీదికి ఇచ్చాడు. లిఫ్ట్ నాలుగో నంబర్‌కి, అంటే నెట్ దగ్గర ఎడమ కొసకి వెళ్లింది, అందంగా వెళ్లింది. మావాడు ఎగిరేసరికి ఎదురుగా నాలుగు చేతులు, ఇద్దరు బ్లాకర్లవి. డబుల్ బ్లాక్ అంటే అదే. బంతి తగిలి మా వైపే పడింది. తర్వాతి బంతి మళ్లీ మంచి పాస్. ఈసారి వెనక్కి, కుడి కొసన కొట్టే ఆపోజిట్‌కి. మళ్లీ నాలుగు చేతులు. మూడోసారి నెట్ మధ్యలో కొట్టే మిడిల్‌కి క్విక్, అంటే తక్కువ ఎత్తులో వేగంగా వెళ్లే లిఫ్ట్, ఇచ్చాడు. వాళ్ల మిడిల్ బ్లాకర్ మావాడితో పాటే గాల్లోకి లేచి ఉన్నాడు. 22-25. మూడూ మంచి పాస్‌లే, మూడూ మంచి లిఫ్ట్‌లే. కొట్టినవాళ్లలో ఒక్కడూ తప్పు కొట్టలేదు.

ఆ రాత్రి పాత నోట్స్ తిరగేస్తే ఇంకో విషయం కనబడింది. అదే మ్యాచ్ మూడో సెట్‌లో కాసేపు మా రిజర్వ్ సెట్టర్‌ని దించాం. ఆయనకు 31 ఏళ్లు. చేతులు మొరటు, లిఫ్ట్ చేసిన బంతి గిరగిరా తిరుగుతుంది. చూసేవాళ్లకి నచ్చదు, కొట్టేవాళ్లకి అంతకన్నా నచ్చదు. కానీ ఆయన ఉన్నంతసేపు మా వాళ్లకి ఎదురుగా ఎక్కువగా ఒక్క బ్లాకరే ఉన్నాడు. ఈ తేడా కోర్టు పక్కన కూర్చున్న మాలో ఎవరి కంటికీ ఆనలేదు. అందరం బంతినే చూస్తున్నాం కదా.

నేను రాసే పద్ధతి ఇది. ప్రతి దాడికి రెండు అంకెలు. మొదటిది పాస్ గ్రేడు: సెట్టర్ నెట్ దగ్గర నిలబడి ఎవరికైనా ఇవ్వగలిగితే ఒకటి, పాస్ నెట్‌కి రెండు మూడు మీటర్లు దూరంగా వస్తే రెండు, ఎత్తుగా బయటికి లేపడం తప్ప గత్యంతరం లేకపోతే మూడు. రెండో అంకె కొట్టేవాడి ముందు ఉన్న బ్లాకర్ల సంఖ్య. రెండోవాడు ఆలస్యంగా వచ్చి మధ్యలో సందు ఉంటే ఒకటిన్నర. లిఫ్ట్ అందంగా ఉందా లేదా అన్నదానికి గడి లేదు. పాయింట్ వచ్చిందా రాలేదా అన్నదీ సెట్టర్ ఖాతాలో రాయను. ఎందుకంటే చెత్త లిఫ్ట్‌ని కూడా మంచి స్మాషర్ పాయింట్ చేస్తాడు, బంగారం లాంటి లిఫ్ట్‌ని కూడా తొందరపడి నెట్‌లో కొడతాడు.

పైస్థాయి పురుషుల ఆటలో ఈ రెండో అంకె దగ్గరే సెట్టర్ విలువ తేలుతుందని నా గట్టి నమ్మకం. 2.43 మీటర్ల నెట్ మీద పొడుగాటి బ్లాకర్లు ఇద్దరు చేతులు కలిపి అవతలికి పెడితే, కొట్టేవాడికి మిగిలేది పక్క గీత, లేదా వాళ్ల వేళ్లు. ఒక్కడే ఉంటే కోర్టు సగం తెరుచుకుంటుంది. ఎవరు కొట్టినా తేడా అంతే.

మొదట మేం వేసిన మందు తప్పు. డబుల్ బ్లాక్ వస్తోందంటే లిఫ్ట్ నెమ్మదిగా ఉందన్నమాటే అనుకున్నాం. వేగం పెంచమన్నాం. దాని వెనక లెక్క సరైనదే. చేతుల్ని వదిలిన బంతి మూడు మీటర్లు పైకి లేచి మళ్లీ అదే ఎత్తుకు రావడానికి 1.56 సెకన్లు పడుతుంది. మీటరే లేస్తే 0.9 సెకను. అర మీటరే లేస్తే 0.64. ఇది భూమ్యాకర్షణ లెక్క, ఏ కోర్టులోనైనా ఒకటే. ఆ సమయంలోనే ఎదుటి మిడిల్ బ్లాకర్ మధ్య నుంచి యాంటెనా వైపు సుమారు మూడు మీటర్లు పక్కకి పరిగెత్తి, ఆగి, ఎగరాలి. మీటరు లిఫ్ట్‌ని అర మీటరుకి దించితే వాడి దగ్గర పావు సెకను లాక్కున్నట్టు.

మూడు వారాలు అదే సాధన చేశాం. మా నాలుగో నంబర్ ఆటగాడు రోజూ గొణిగేవాడు. "బంతి కనబడకముందే పోతుంది సార్. నేను లేచేసరికి అది దిగుతుంది." నిజమే. అతని అడుగులు పాత ఎత్తుకి అలవాటుపడినవి. కొట్టిన బంతులు నెట్‌లో పడటం పెరిగింది, భుజం నొప్పి అన్నాడు. ఇంత చేసినా ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో నా రెండో అంకె కదల్లేదు. బ్లాకర్లు ఇద్దరూ ఎప్పటిలాగే వచ్చేస్తున్నారు. అప్పుడు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. పావు సెకను లాక్కున్నాం కదా, అది ఎక్కడికి పోతోంది?

అప్పటిదాకా కెమెరా ఎప్పుడూ మా కోర్టు వెనకే పెట్టేవాణ్ని, మా వాళ్ల ఆట చూసుకోవడానికి. సెప్టెంబర్‌లో ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌కి ఫోన్‌ని అవతలి కోర్టు వెనక స్టాండ్ మీద పెట్టాను. అంటే వాళ్ల మిడిల్ బ్లాకర్ వీపు ముందు, అతనికి అవతల నెట్ దాటి మా సెట్టర్. బ్లాకర్ ఏం చూస్తాడో అదే చూడాలని. సెకనుకి 60 ఫ్రేములు. ఇంటికొచ్చి ఒక్కో ఫ్రేమూ కదిలిస్తూ బ్లాకర్ కాళ్లని మాత్రమే చూశాను. వెనక్కి లిఫ్ట్ చేసే ప్రతిసారీ బంతి మా సెట్టర్ వేళ్లని తాకడానికి పన్నెండు, పదమూడు ఫ్రేముల ముందే ఆ బ్లాకర్ పాదం అటు కదులుతోంది. పన్నెండు ఫ్రేములంటే 0.2 సెకను. కళ్లతో చూసి కాలు కదపడానికి మనిషికి ఎంత తక్కువన్నా పట్టే సమయం దాదాపు అంతే. మేం మూడు వారాలు చెమటోడ్చి లాక్కున్న పావు సెకనుని మావాడు బంతి ముట్టుకోకముందే తిరిగిచ్చేస్తున్నాడు.

మర్నాడు ప్రాక్టీస్ అయ్యాక మా మిడిల్ బ్లాకర్లు ఇద్దరినీ, సెట్టర్‌నీ కూర్చోబెట్టాను. ఫోన్‌లో క్లిప్ నడిపి, బంతి వేళ్లకి తగలకముందు ఆపేసి, "ముందుకా, వెనక్కా?" అని అడిగాను. ఒకటో రెండో తప్ప అన్నీ సరిగ్గా చెప్పారు, తడుముకోకుండా చెప్పారు. కుర్రాడి మొహం చిన్నబోయింది.

"వాళ్లకెట్ల తెలుస్తుంది సార్?"

నేను నోరు తెరిచేలోపే సీనియర్ మిడిల్ బ్లాకర్ అందుకున్నాడు. "నీ పొట్ట చూడు తమ్మీ. వెనకకు లేపాలనుకున్నప్పుడు పొట్ట ముందుకొస్తది. చేతులెవడు చూస్తడు?"

క్లిప్ మళ్లీ నడిపాం. ముందుకు లిఫ్ట్ చేసేటప్పుడు కుడి పాదం అరడుగు ముందుంటుంది, నడుము నిటారుగా ఉంటుంది. వెనక్కి ఇవ్వాలనుకుంటే పాదాలు రెండూ పక్కపక్కకి వచ్చేస్తాయి, బంతి ఇంకా పైనుండగానే వీపు విల్లులా వంగుతుంది, జెర్సీ మీది నంబర్ పైకి లేచినట్టు కనబడుతుంది. బంతి పక్కాగా వెళ్లాలన్న శ్రద్ధే దీనికి కారణం. బంతి కిందికి ముందుగా దూరితే వెనక్కి లిఫ్ట్ కచ్చితంగా పడుతుంది. మట్టి కోర్టు మీద పదేళ్లు అందరూ మెచ్చుకున్న అలవాటది.

రెండో ఆనవాలు ఇంకా సూటిది. క్విక్ ఇచ్చేటప్పుడే ఎగిరి లిఫ్ట్ చేస్తాడు. యాంటెనాకి ఇచ్చేటప్పుడు నేల మీదే ఉంటాడు. పాదాలు లేచాయంటే బ్లాకర్ కూడా లేచిపోవచ్చు, ఆలోచించాల్సిన పనే లేదు. 22-22 దగ్గర మూడో పాయింట్ పోయింది అందుకే.

రిజర్వ్ సెట్టర్ క్లిప్పులు కూడా అలాగే ఆపి చూపించాను. ఇద్దరు బ్లాకర్ల సమాధానాలూ బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చాయి. ఆయన ప్రతి బంతికీ ఎగురుతాడు. నుదుటి పైన ఒకే చోట అందుకుంటాడు. నడుము ఎప్పుడూ నాలుగో నంబర్ వైపే తిరిగి ఉంటుంది. వెనక్కి ఇచ్చినా, మధ్యలో ఇచ్చినా, వేళ్లు తాకేదాకా అంతా ఒకే బొమ్మ.

అప్పటి నుంచి ఆయన్నే కుర్రాడికి గురువుని చేశాం. ఒకే స్థానానికి పోటీపడే ఇద్దరిని అలా కలపడం గురించి హెడ్ కోచ్ కాస్త వెనకాడారు. రిజర్వ్ సెట్టర్ మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు. రోజూ పొద్దున ఐదున్నరకి, మిగతావాళ్లకంటే అరగంట ముందు, ఇద్దరూ కోర్టు మీద ఉండేవారు. "అన్నా, ఇది కనబడిందా?" "కనబడింది, మళ్లీ." వర్షాల రోజుల్లో తడి సిమెంట్ గోడ పక్కన నిలబడి బంతి లేకుండా ఒట్టి ఎగరడం, చేతులు పెట్టడం చేసేవారు.

సాధన చెప్పడానికి తేలిక. నేను నెట్ పక్క నుంచి బంతి విసురుతాను. అది పైకి చేరి దిగడం మొదలుపెట్టాక ఆయన "ముందు" అనో "వెనక" అనో అరుస్తాడు. కుర్రాడు అప్పుడు నిర్ణయించుకోవాలి. వారం గడిచాక ఆ కేక ఇంకా ఆలస్యంగా వస్తుంది, కుర్రాడు గాల్లోకి లేచాక. నడుము వంచే సమయం ఉండదు కాబట్టి పని మొత్తం మణికట్టు, మోచేతుల మీద పడుతుంది. చివరి వారాల్లో కేక తీసేసి, నెట్ అవతల మిడిల్ బ్లాకర్‌ని నిలబెట్టాం. అతను ఎటు వాలితే దానికి ఎదురు వైపు లిఫ్ట్ చేయాలి. అంటే దిగే బంతిని కళ్లతో పట్టుకుంటూనే కంటి కొసతో బ్లాకర్ని చూడాలి.

దీనికి చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. వెనక్కి లిఫ్ట్‌లు మొదట్లో సగం దారిలోనే పడిపోయేవి. పదికి పదీ ఒకేచోట దించే కుర్రాడు తన చేతులు తనవి కావన్నట్టు చూసుకునేవాడు. మా ఆపోజిట్ ఒకరోజు బంతిని గోడకేసి కొట్టి వెళ్లిపోయాడు. అతని కోపాన్ని తప్పుబట్టను. నెల రోజులు అతను చెత్త బంతులు కొట్టాడు.

అక్టోబర్‌లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ నాలుగో సీజన్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగింది. మా వాళ్లని రెండు రోజులు తీసుకెళ్లాను. వీలైనంత వరకు ఎండ్ లైన్ వెనక వైపు కూర్చోబెట్టి, పాస్ లేచాక బంతిని చూడొద్దు, అవతలి మిడిల్ బ్లాకర్ కాళ్లని చూడండి అన్నాను. కష్టమైన పని, కళ్లు వాటంతటవే బంతి వెంట పోతాయి. రెండో మ్యాచ్ మధ్యలో కుర్రాడు నా మోచేయి పట్టుకున్నాడు. "సార్, వాడు ఇరుక్కపోయిండు చూడుండ్రి." కోర్టు మధ్యలో బ్లాకర్ రెండు కాళ్లూ నేలకి అతుక్కుపోయినట్టు నిలబడ్డాడు, బంతి అప్పటికే యాంటెనా దగ్గర ఉంది. లిఫ్ట్ ఎలా ఉందో మాలో ఎవరమూ చూడలేదు.

ఎత్తు గురించి కూడా ఇక్కడే ఒక మాట. 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఇటలీ గెలిచినప్పుడు టోర్నీ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైంది వాళ్ల సెట్టర్ సిమోనే జన్నెల్లి. దాదాపు రెండు మీటర్ల మనిషి. బంతిని అంత ఎత్తులో అందుకుంటే బ్లాకర్‌కి మిగిలే సమయం ఇంకా తగ్గుతుంది, రెండో బంతినే తను అవతలికి కొట్టే భయం కూడా ఉంటుంది. మరి జపాన్ సెట్టర్ మసహిరో సెకితా ఎత్తు 1.75 మీటర్లే. ఆ జట్టు 2024లో నేషన్స్ లీగ్ రజతం తెచ్చుకుంది. ఇద్దరి వీడియోలూ మా కుర్రాడితో కలిసి గంటలకొద్దీ ఆపి ఆపి చూశాను. శరీరాలు ఎంత వేరైనా, వేళ్లు తాకేముందు ఫ్రేములో ఏ దిక్కూ దొరకదు.

నవంబర్ నుంచి రెండో గ్రేడు పాస్ మీదికి వచ్చాం. నా దృష్టిలో మంచి సెట్టర్‌కీ గొప్ప సెట్టర్‌కీ మధ్య గీత ఇక్కడే ఉంది. గంటకి 110, 120 కిలోమీటర్ల జంప్ సర్వీసులు వచ్చే ఆటలో ప్రతి పాసూ నెత్తి మీదికి రాదు. పాస్ నెట్‌కి రెండున్నర మీటర్ల దూరంలో పడిందనుకోండి. మామూలు సెట్టర్ మిడిల్‌ని మరిచిపోతాడు, బంతి బయటికే పోతుంది. ఆ సంగతి ఎదుటి మిడిల్ బ్లాకర్‌కీ తెలుసు కాబట్టి ముందే పక్కకి జరుగుతాడు. ఆ దూరం నుంచి కూడా అప్పుడప్పుడు మిడిల్‌కి ఒక క్విక్ పడితే అతను మధ్యలో ఒక్క క్షణం ఆగాల్సిందే. ఆ క్షణం వల్ల లాభం తర్వాత పది బంతులకి అందుతుంది.

దీనికి మా మిడిల్ ఆటగాళ్లు కూడా మారాలి. ఇంతకాలం వాళ్లు పాస్ దూరం పోతే పరుగు ఆపేసేవారు. మధ్యలో వెనక నుంచి వచ్చి కొట్టే పైప్ దాడి సంగతీ అంతే. ఆటగాళ్లు స్థానాలు మారుతూ తిరిగే రొటేషన్లలో, మా సెట్టర్ ముందు వరసలో ఉన్న మూడింటిలో ముందు కొట్టేవాళ్లు ఇద్దరే ఉంటారు, మూడోవాడిగా పైప్ రావాలి. కానీ బంతి రాదని వాడు పరిగెత్తడు, పరిగెత్తడు కాబట్టి ఇతను ఇవ్వడు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు. చివరికి హెడ్ కోచ్ ఒక నియమం పెట్టారు: ప్రాక్టీస్ సెట్‌లో ఆ రొటేషన్లలో మొదటి బంతి తప్పనిసరిగా పైప్‌కే, పాయింట్ పోయినా సరే. రెండు వారాల్లో పరుగు అలవాటైపోయింది.

సెట్టరే మొదటి బంతి లేపాల్సి వస్తే రెండోది లిబెరోది. అతను నెట్‌కి మూడు మీటర్ల దూరంలో ఉండే దాడి గీతకి ముందు నిలబడి వేళ్లతో లిఫ్ట్ చేస్తే, ఆ బంతి పూర్తిగా నెట్ కంటే ఎత్తులో ఉండగా కొట్టడం తప్పు. అందుకే లిబెరో గీత వెనక నుంచే ఎగిరి, గాల్లో లిఫ్ట్ చేయడం నేర్చుకుంటున్నాడు. ఇంకా చాలా పని ఉంది.

2026 జనవరిలో మళ్లీ ఒక టోర్నమెంట్ ఆడాం. లీగ్ దశలో నా రెండో అంకె గడుల్లో ఒకటి, ఒకటిన్నర ఎక్కువ కనబడ్డాయి. ఒకటో గ్రేడు పాస్ మీద ఈ మార్పు స్పష్టంగా ఉంది, రెండో గ్రేడు మీద కొంచెమే. లిఫ్ట్ ఎత్తుని పాత మీటరు దగ్గరికే తెచ్చేశాం, అయినా బ్లాకర్లు ఆలస్యంగా వచ్చారు. నాలుగో నంబర్ ఆటగాడి భుజం కుదుటపడింది. బంతి కొద్దిగా తిరుగుతోంది, పదికి ఏడెనిమిదే అనుకున్న చోట పడుతున్నాయి. దాని గురించి ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు.

సెమీఫైనల్లో ఓడిపోయాం. ఎక్కువ నష్టం రిసెప్షన్, అంటే సర్వీస్ అందుకోవడం వల్లే. పాస్ మూడో గ్రేడుకి పడిపోయాక ఏ సెట్టరూ బ్లాకర్ని మోసం చేయలేడు, ఎత్తుగా లేపి కొట్టేవాడిని నమ్ముకోవడమే. ఇక మా కుర్రాడు ముందు వరసలో ఉన్నప్పుడు అవతలివాళ్లు అతని చేతుల మీది నుంచే కొట్టారు. దానికి ఈ కేసులో మందు లేదు.

కానీ వీడియోలో ఇంకొకటి దొరికింది. ఆఖరి సెట్‌లో స్కోరు దగ్గర పడ్డాక రెండు బంతులకి పొట్ట మళ్లీ ముందుకొచ్చింది. ఒత్తిడిలో పాత శరీరం తిరిగొచ్చింది. ఇప్పుడు ప్రతి శనివారం ప్రాక్టీస్ మ్యాచ్‌ని 22-22 నుంచి మొదలుపెడుతున్నాం, సర్వీస్ అవతలివాళ్లది, ఫోన్ అవతలి కోర్టు వెనక. గత శనివారం అలా ఆరుసార్లు ఆడాం. రెండుసార్లు మిడిల్ బ్లాకర్ ముందే కదిలాడు. ఆ రెండు క్లిప్పులూ ఆ రాత్రే కుర్రాడికి పంపాను. పొద్దున ఐదున్నరకి గ్రౌండ్‌కి వెళ్లేసరికి ఇద్దరు సెట్టర్లూ ఫోన్ మీదికి వంగి, ఫ్రేములు లెక్కపెడుతున్నారు.